గోలీ నీడలో భూగర్భం

2024 డిసెంబర్ 4న ములుగు దగ్గర 5.3 తీవ్రతతో భూమి కంపిస్తే విజయవాడలో కూడా జనం ఇళ్లలోంచి బయటికొచ్చేశారు. ఆ తర్వాత 'ఫలానా రోజు మళ్లీ వస్తుంది' అంటూ ఫోన్లలో మెసేజ్‌లు. భూకంపం వచ్చే రోజు, గంట ముందే చెప్పగలిగినవాళ్లు ప్రపంచంలో లేరు. ఇలాంటివి పంపి ఇంట్లో పెద్దవాళ్లకు టెన్షన్ పెట్టకండి. గుంటూరులో ఇంటర్ చదివే ఒక అమ్మాయి ఇంతకంటే మంచి ప్రశ్న వేసింది: "భూమి లోపలికి ఎవరూ వెళ్లలేదు కదండీ, అక్కడేముందో ఎలా తెలిసింది? ఈ సైంటిస్టులు ఏం చదువుతారు?"

రెండు ప్రశ్నలకూ ఇంగె లేమన్ అనే మహిళా భూకంప శాస్త్రవేత్త జీవితమే జవాబు. 1888లో డెన్మార్క్‌లో పుట్టారు. లెక్కలు చదవడానికి కేంబ్రిడ్జి వెళ్లి, బాగా అలసిపోయి 1911లో తిరిగొచ్చేశారు. కొన్నేళ్లు ఇన్సూరెన్సు లెక్కల ఆఫీసులో పని. డిగ్రీ చేతికొచ్చేసరికి 1920. భూకంపాల వైపు వచ్చింది 1925లో. ఒక్క ర్యాంకు పోతే జీవితమే పోయిందనుకునే మన ఇళ్లలో ఈ సంవత్సరాలు గట్టిగా చదివి వినిపించాలి.

ఇక అసలు సంగతి. సోడా గోలీని ఎండలో తెల్లకాగితం పైన పట్టుకోండి. నీడ మధ్యలో వెలుగు చుక్క, దాని చుట్టూ చీకటి వలయం కనిపిస్తాయి. గాజులో వెలుగు నెమ్మదించి లోపలికి వంగుతుంది, వలయానికి అందాల్సిన వెలుగంతా మధ్యకు చేరిపోతుంది. భూమి మధ్యలోని ద్రవ కేంద్రకం అలాంటి గోలీయే. రాతిపొర అడుగున సెకనుకు 13 కిలోమీటర్ల పైచిలుకు వేగంతో వచ్చిన పి తరంగం (భూకంపం నుంచి అన్నిటికన్నా ముందు చేరే తరంగం), కేంద్రకంలో దిగగానే 8కి పడిపోయి లోపలికి వంగుతుంది. అందుకే భూకంపం పుట్టిన చోటి నుంచి సుమారు 103 డిగ్రీలు (భూమి నడిమధ్య నుంచి కొలిచే కోణం) దాటాక పి తరంగాలు నేరుగా అందవు, 143 దగ్గర మళ్లీ బలంగా తగులుతాయి. మధ్యలోది నీడ వలయం. ఇదంతా వెలుగు ఒకదాంట్లోంచి మరోదాంట్లోకి పోతే ఎంత వంగుతుందో చెప్పే, ఇంటర్‌లో బట్టీ పట్టించే స్నెల్ సూత్రమే! క్లాసుకు ఒక గోలీ తెస్తే పిల్లలకు జన్మలో మరిచిపోని పాఠమవుతుంది.

1929లో న్యూజిలాండ్‌లోని మర్చిసన్ భూకంపానికి నీడలో ఉండాల్సిన చోట్ల సన్నటి కదలికలు నమోదయ్యాయి. కేంద్రకం అంచు చుట్టి వచ్చిన తరంగాలేలే అని అప్పటి పెద్ద సైంటిస్టులు సరిపెట్టుకున్నారు. లేమన్‌కు లెక్క కుదరలేదు. ఓట్స్ అట్టపెట్టెల నిండా కార్డులు పేర్చుకుని, తరంగాలు ఏ ఊరికి ఏ క్షణంలో చేరాయో రాసుకుంటూ కూర్చున్నారు. కంప్యూటర్ లేదు, అంతా చేతిలెక్కే.

మన గోలీలో గాలిబుడగ ఉందనుకోండి. బుడగలో వెలుగు గాజులోకన్నా వేగంగా పోతుంది. అందుకే దాన్ని ఏటవాలుగా తాకిన కిరణం మధ్యకు పోకుండా పక్కకు మళ్లి చీకటి వలయంలో పడుతుంది. కేంద్రకంలోనూ తరంగాలు ఇంకా వేగంగా పోయే మరో గోళం ఉంటే ఆ కదలికలన్నిటికీ లెక్క కుదురుతుందని 1936లో లేమన్ చూపించారు. దాని వ్యాసార్ధం సుమారు 1,220 కిలోమీటర్లని ఇప్పటి అంచనా. అది గట్టిదని తేల్చింది మాత్రం తర్వాతివాళ్లు.

అడిగిన అమ్మాయికి: ఎంపీసీ మీద శ్రద్ధ ఉంటే ఆంధ్రా యూనివర్సిటీలో జియోఫిజిక్స్ (భూభౌతిక శాస్త్రం) ఉంది, హైదరాబాద్‌లో జాతీయ భూభౌతిక పరిశోధన సంస్థ ఎన్‌జీఆర్‌ఐ ఉంది.

1953లో రిటైరయ్యాక కూడా లేమన్ ఆగలేదు. సుమారు 220 కిలోమీటర్ల లోతున తరంగాల వేగం మారే మరో సరిహద్దును బయటపెట్టారు. 1993లో, 104 ఏళ్ల వయసులో పోయారు. ఆ సరిహద్దు ఖండాల కింద కనిపిస్తుంది గానీ సముద్రాల కింద అన్నిచోట్లా దొరకదు. ఎందుకన్న దాని మీద వాదనలు ఇంకా నడుస్తున్నాయి.