కొసరు ట్రాన్సిస్టర్‌తో మారని ఓల్టు

మొన్న జనవరిలో లంబసింగిలో తెల్లారగట్ల చేతులు కొంకర్లు పోతుంటే ఫోన్ ఛార్జింగ్ పెట్టాను. మే నెలలో ఆర్కే బీచ్ దగ్గర, కారులో పెనంలా కాలుతున్న అదే ఫోన్‌కి మళ్లీ ఛార్జర్ తగిలించాను. రెండు చోట్లా లోపలి చిప్ చూసుకునేది ఒకటే: బ్యాటరీ 4.2 ఓల్టులు దాటుతోందా? ఒక్క శాతం తప్పినా 42 మిల్లీఓల్టుల తేడా. అంటే దాని దగ్గర ఎండకూ చలికీ బరువు మారని తూకం రాయి, అంటే పోల్చుకోవడానికి ఎప్పుడూ మారని ఒక ఓల్టేజీ, ఉండాలి.

చిక్కేమిటంటే, సిలికాన్‌లో వేడికి మారనిదంటూ దాదాపు ఏదీ లేదు. అందుకే ఎదురెదురుగా కదిలే రెండింటిని జతకట్టారు. 1964లో హిల్బిబర్ అనే ఇంజినీరు దారి చూపాడు, 1971లో విడ్లర్, 1974లో బ్రోకా దాన్ని వాడుకలోకి తెచ్చారు.

ట్రాన్సిస్టర్‌కుండే మూడు కాళ్లలో బేస్, ఎమిటర్ అనే రెండింటి మధ్య ఓల్టేజీ వేడి పెరిగితే డిగ్రీకి సుమారు 2 మిల్లీఓల్టులు తగ్గుతుంది. 5 డిగ్రీల నుంచి 45కి వస్తే 80 పోయినట్టే. ఇప్పుడు ఒకే కరెంటును ఒక ట్రాన్సిస్టర్‌లోకీ, ఎనిమిదింటి గుంపులోకీ పంపండి. రెండు ఓల్టేజీల తేడా మామూలు గది వేడిలో 54 మిల్లీఓల్టులు. అది డిగ్రీకి 0.18 చొప్పున పెరుగుతుంది. దాన్ని పదకొండు రెట్లు చేసి మొదటిదానికి కలిపితే పెరుగుదల, తగ్గుదల చెల్లు. మిగిలేది 1.2 ఓల్టుల చిల్లర. సిలికాన్ బ్యాండ్‌గ్యాప్‌ను (అందులో ఎలక్ట్రాన్‌ను కరెంటు మోసేలా విడిపించడానికి కావాల్సిన శక్తి) పరమశూన్య ఉష్ణోగ్రతకు లెక్కగడితే వచ్చే అంకె కూడా ఇంచుమించు ఇదే. బ్యాండ్‌గ్యాప్ రిఫరెన్స్ అనే పేరు అలా వచ్చింది. వేడితో ఈ ఓల్టేజీ ఎలా మారుతుందో గీస్తే ఆ గీత పూర్తిగా చదునుగా ఉండదు, మధ్యలో చిన్న గూని మిగులుతుంది.

సీమాస్ (CMOS) అనే మామూలు పద్ధతిలో చేసే చిప్‌లో ఈ రకం ట్రాన్సిస్టర్‌ను ఎవరూ కావాలని తయారు చెయ్యరు. పొరలు ఒకదానిపై ఒకటి పడటంతో, కూరగాయలతో కొసరు కరివేపాకులా, దానంతటదే వస్తుంది. నాకు బాగా నచ్చేది వాటిని పేర్చే తీరు: తొమ్మిది గళ్లలో నడుమ ఒకటి, చుట్టూ ఎనిమిది. చిప్‌లో ఒక పక్క వేడి ఎక్కువైనా ఎనిమిదింటి సగటు నడిమిదానికి సరిపోతుంది.

అసలు టెన్షన్ ఆపాంప్‌తో, అంటే రెండు వైపుల ఓల్టేజీల్నీ పోల్చి సమానంగా ఉంచే యాంప్లిఫయర్‌తో. దానిలో 3 మిల్లీఓల్టుల పొరపాటున్నా, అదీ పదకొండు రెట్లు దాటి, 30కి పైగా తేలుతుంది. అందుకే తయారయ్యాక ట్రిమ్మింగ్, అంటే చిప్‌ను కొలిచి చిన్న సవరణ చెయ్యడం.

ఇంకో తిక్క: కరెంటు సున్నా అయినా ఈ సర్క్యూట్‌కి తూకం సరిపోయినట్టే, కదలకుండా కూర్చుంటుంది. మొరాయించిన ఆటోని తోసినట్టు ఒక స్టార్టప్ సర్క్యూట్ దాన్ని తోయాలి. కదిలాక చెయ్యి తీసేయాలి కూడా. తియ్యకపోతే ఆ తోసే కరెంటే 1.2 ఓల్టుల్ని చెడగొడుతుంది.