దూబగుంట నుంచి నేటి దాకా: సారా అంగడిపై నిర్ణయం ఎవరిది?

నెల్లూరు జిల్లా కలిగిరి మండలంలోని దూబగుంట పేరు, రాష్ట్రంలో మద్యం మీద చర్చ వచ్చినప్పుడల్లా ముప్పై ఏళ్లకు పైగా వినిపిస్తూనే ఉంది. చదువు నేర్చుకున్న ఆడవాళ్లు ఊళ్లో సారా అంగడి మూయించారని, ఆ పోరు జిల్లా అంతా పాకిందని, చివరకు ప్రభుత్వం సారాను నిషేధించిందని మూడు ముక్కల్లో చెప్పడం మనకు అలవాటైపోయింది. చెప్పేదాంట్లో తప్పు లేదు. అయితే అంగడి మూయాలని నిర్ణయించింది ఆ ఊరి ఆడవాళ్లే కాగా, ఆ తర్వాత జరిగిన ప్రతి నిర్ణయంలోనూ వాళ్లను అడిగినవారు లేరన్న సంగతి మాత్రం ఈ చెప్పడంలో మరుగున పడిపోతోంది.

మద్యనిషేధం ఈ నేలకు దూబగుంటతో వచ్చింది కాదు. మద్రాసు ప్రెసిడెన్సీలో రాజాజీ మంత్రివర్గం 1937లో సేలం జిల్లాతో నిషేధం మొదలుపెట్టి మరుసటి ఏడాది చిత్తూరు, కడప జిల్లాలకు విస్తరించింది. 1948 నాటికి ప్రెసిడెన్సీ మొత్తం నిషేధం కిందికి వచ్చింది. 1953లో ఏర్పడిన ఆంధ్ర రాష్ట్రానికి ఆ చట్టం వారసత్వంగా సంక్రమించింది. నిషేధం ఎత్తివేయాలని రామమూర్తి కమిటీ సిఫార్సు చేసినా అమలు చేయలేదన్న అంశం మీద 1954 నవంబరులో శాసనసభలో అవిశ్వాస తీర్మానం నెగ్గి, టంగుటూరి ప్రకాశం ప్రభుత్వం ఒక్క ఓటు తేడాతో పడిపోయింది. నాటి వాదోపవాదాల్లో ఒక పక్క గాంధేయ ఆదర్శం, మరో పక్క కల్లు గీసి బతికే కుటుంబాల కూడు నిలబడ్డాయి. రెండూ న్యాయమైన మాటలే. తాగి వచ్చిన మగవాడితో రాత్రంతా వేగే మనిషి ఏమనుకుంటుందన్నది మాత్రం సభ ముందుకు రాలేదు. 1960ల చివర్లో నిషేధం ఎత్తేశారు, ఎక్సైజు ఆదాయం ఖజానాకు పెద్ద ఆసరాగా మారింది.

1980లలో వచ్చిన వారుణి వాహిని పథకంతో పరిస్థితి మరో మలుపు తిరిగింది. ప్రభుత్వమే సారాను ప్లాస్టిక్ ప్యాకెట్లలో సరఫరా చేసింది. అమ్ముకునే హక్కును ఏటా వేలం పాటలు పెట్టి కాంట్రాక్టర్లకు ఇచ్చేది. పాట ఎంత పెరిగితే కాంట్రాక్టరు అంత సారా అమ్మితే తప్ప గిట్టుబాటు కాదు గనుక, అంగడి దగ్గరికి మనిషి నడిచి రావడం పోయి, సారాయే మనిషిని వెతుక్కుంటూ పోవడం మొదలైంది. చిన్న ప్యాకెట్టు జేబులో పడుతుంది, చేలగట్టుకు చేరుతుంది, అరువుకూ దొరుకుతుంది. కలిగిరి, ఉదయగిరి వంటి మెట్ట ప్రాంతాల్లో వాన పడితేనే పంట, పని దొరికితేనే కూలి. సాయంత్రం చేతికొచ్చిన ఆ కూలి డబ్బులు ఇంటికి చేరే ముందే దారిలో ఖర్చయిపోయేవి. ఇంటి ఖర్చు ఆడవాళ్ల కూలి మీద పడేది, అదీ చాలనినాడు ఆ డబ్బుల కోసం దెబ్బలు పడేవి.

ఈ దశలో, 1990 జనవరిలో, నెల్లూరు జిల్లాలో సంపూర్ణ అక్షరాస్యతా కార్యక్రమం మొదలైంది. జిల్లా యంత్రాంగం, జన విజ్ఞాన వేదిక కార్యకర్తలు, ఊరూరా స్వచ్ఛందంగా వచ్చిన యువతీ యువకులు కలిసి నడిపిన రాత్రి బడులవి. పగలంతా కలుపు తీసి, నాట్లు వేసి వచ్చిన ఆడవాళ్లు పలకలు పట్టుకుని కూర్చునేవారు. వాచకంలో సీతమ్మ కథ అని ఒక పాఠం ఉంది. భర్త తాగుడుతో చితికిపోయిన ఇల్లాలి కథ అది. అక్షరాలు కూడబలుక్కుంటూ పాఠం చదివినవాళ్లకు అది పక్కింటి సంగతిగా, చాలాచోట్ల సొంతింటి సంగతిగా కనిపించింది. ఇక్కడ ఒక మాట స్పష్టంగా చెప్పాలి. చదువే వాళ్లకు తమ కష్టం తెలియజెప్పిందనడం సరికాదు. కష్టం వాళ్లకు ఎప్పుడో తెలుసు. రోజూ ఒకచోట కూర్చుని ఆ కష్టాన్ని పదిమందిలో చెప్పుకునే తావు మాత్రం రాత్రి బడితోనే దొరికింది.

దూబగుంటలో జరిగింది తర్వాత తయారైన వాచకంలోనే పాఠమై జిల్లా అంతా చేరింది. తాగిన మైకంలో ఇద్దరు కూలీలు చెరువులో పడి చనిపోయారు. ఊరి ఆడవాళ్లు వందమంది దాకా కదిలి, మొదట ఊళ్లోకి వస్తున్న కల్లు బండిని ఆపారు. కల్లు పారబోయమని బండివాడికి చెప్పి, అతను నష్టపోకుండా తలా ఒక రూపాయి ఇస్తామన్నారు. తర్వాత సారా జీపు వచ్చింది. దాన్ని చుట్టుముట్టి, వెనక్కి తీసుకుపోకపోతే కలెక్టరు దాకా వెళ్తామన్నారు. అంగడి మూతపడింది. వీళ్లకు ముందు నిలిచిన వర్ధినేని రోశమ్మ ఆ తర్వాత దూబగుంట రోశమ్మగానే అందరికీ తెలిసింది. కల్లు బండివాడితో ఒక రకంగా, సారా కాంట్రాక్టరుతో మరో రకంగా వ్యవహరించడంలోని వివేకం నన్ను ఎప్పుడూ ఆకట్టుకుంటుంది. బతుకుతెరువు కోసం అమ్మేవాడెవరో, పాట పాడి ఊరిని పీల్చేవాడెవరో వాళ్లకు తేడా తెలుసు. 1954లో శాసనసభకు తెగని చిక్కుముడి అది.

పాఠం చదివిన ఊళ్లన్నీ తమ ఊళ్లోనూ ఆ పని ఎందుకు కాదని అడగడం మొదలుపెట్టాయి. కారం పొడి, చీపుర్లు పట్టుకుని అంగళ్ల ముందు కాపలా కాశారు. ప్యాకెట్లు తగలబెట్టారు. తాగి వచ్చినవాళ్లకు అన్నం పెట్టబోమని తెగేసి చెప్పారు. ముందు నిలిచినవాళ్లలో ఎక్కువమంది దళిత, వెనుకబడిన కులాల కూలి ఆడవాళ్లు. మహిళా సంఘాలు, వామపక్షాలు, సర్వోదయ కార్యకర్తలు, పత్రికలు తర్వాత వచ్చి చేయి కలిపారు. 1992లో నెల్లూరులో సారా పాటలు పెట్టబోతే వేలమంది ఆడవాళ్లు పట్టణానికి తరలివచ్చారు. పాటలు వాయిదా మీద వాయిదా పడ్డాయి. అప్పటి ముఖ్యమంత్రి నేదురుమల్లి జనార్దనరెడ్డి సొంత జిల్లాలోనే జరిగిన ఈ పోరు ప్రకాశం, చిత్తూరు, కడప, కర్నూలు జిల్లాలకూ పాకింది. 1993 ఏప్రిల్ 15 నుంచి నెల్లూరు జిల్లాలో, అక్టోబరు 1 నుంచి రాష్ట్రమంతటా సారాను నిషేధించారు.

సారా పోయినా విదేశీ మద్యం పేరుతో అమ్మే సీసాలు మిగిలాయి. 1994 ఎన్నికల్లో సంపూర్ణ నిషేధం ప్రధాన హామీ అయింది. ఎన్టీఆర్ ప్రమాణస్వీకార వేదిక మీదే ఆ ఫైలుపై సంతకం చేశారు. 1995 జనవరి 16న నిషేధం అమల్లోకి వచ్చింది, 1997లో ఎత్తివేశారు. ఆదాయం పోయిందని, పొరుగు రాష్ట్రాల నుంచి దొంగ సరుకు ఆగడం లేదని కారణాలు చెప్పారు. అవి నిజం కావనను. కానీ ఊళ్లోకి వచ్చే బండిని ఆపింది ఊరి ఆడవాళ్ల కమిటీలైతే, చట్టం వచ్చాక ఆ పని పోలీసులకు, ఎక్సైజు సిబ్బందికి పోయింది. ఎత్తేసేటప్పుడు ఆ కమిటీలను సంప్రదించాలన్న ఆలోచన కూడా ప్రభుత్వానికి రాలేదు.

పోరులో కుదిరిన గుంపులు పూర్తిగా చెదిరిపోలేదు. సారా ఆగినందువల్ల మిగిలిన డబ్బులో రోజుకో రూపాయి దాచుకోమని నెల్లూరు జిల్లాలో మొదలైన పొదుపు లక్ష్మి పథకం అలా నిలిచింది. తర్వాత డ్వాక్రా, వెలుగు, ఇందిరా క్రాంతి పథం పేర్లతో ఈ పొదుపు సంఘాలు రాష్ట్రమంతా విస్తరించి బ్యాంకు రుణాలు అందుకున్నాయి. ఎన్నో ఇళ్లలో వడ్డీ వ్యాపారి గుమ్మం ఎక్కాల్సిన అవసరం తప్పింది. అయితే సంఘం ఏం మాట్లాడుకోవాలో, ఎప్పుడు సమావేశం కావాలో పైనుంచి చెప్పే తీరు కూడా వీటితోపాటే పెరిగింది. ఊళ్లో బెల్టు షాపు గురించి సంఘంలో మాట ఎత్తడం వాయిదా కట్టించుకున్నంత సులువు కాదు.

రోశమ్మ 2016లో కన్నుమూసేదాకా నిషేధం కోసం అడుగుతూనే ఉన్నారు. 2019 నుంచి ప్రభుత్వమే మద్యం దుకాణాలు నడిపింది. 2024 అక్టోబరులో మళ్లీ ప్రైవేటు దుకాణాలు వచ్చాయి. ఎవరు అమ్మాలన్నది రెండుసార్లు మారింది, మా ఊళ్లో అమ్మాలా వద్దా అని తేల్చే హక్కు మాత్రం ఊరికి రాలేదు. ఈ హక్కు ఊహకందనిదేమీ కాదు. షెడ్యూల్డు ప్రాంతాల్లో మత్తు పదార్థాల అమ్మకాన్ని నిషేధించే, నియంత్రించే అధికారం గ్రామసభకు ఉండాలని 1996 నాటి పెసా (షెడ్యూల్డు ప్రాంతాలకు పంచాయతీల విస్తరణ) చట్టం చెబుతోంది. మహారాష్ట్రలో ఊరి మహిళా ఓటర్లకు ప్రత్యేకంగా పోలింగు పెడతారు. నిలువు సీసా గుర్తుకు వేస్తే దుకాణం ఉండాలని, అడ్డం సీసాకు వేస్తే మూయాలని అర్థం. మహిళా ఓటర్లలో సగానికి పైగా అడ్డం సీసాకు వేస్తే దుకాణం మూసేయాల్సిందే. నెల్లూరు మైదాన గ్రామాలకు పెసా వర్తించదు, మన ఎక్సైజు నిబంధనల్లో అలాంటి పోలింగు లేదు. అంగడి మూయించడంలో దేశానికే దారి చూపిన ఆడవాళ్ల జిల్లాలో, దుకాణం ఎక్కడ పెట్టాలన్నది ఇప్పటికీ ఎక్సైజు శాఖ నోటిఫికేషనే తేలుస్తోంది.