పూత ఉంది, కాయ లేదు: మిద్దెతోటలో పురుగుల గురించి అపోహలు, వాస్తవాలు

మిద్దెతోటలు వేసుకునేవాళ్లకి సలహాలు చెప్పడం నా పని. నాకు వచ్చే ఫోన్లలో ఎక్కువ "పూత విరగబూసిందండీ, కాయే నిలవట్లేదు" అనేవే. ఆ మాటల వెంట వచ్చే అపోహలు కొన్ని ఇక్కడ రాస్తున్నా.

అపోహ: తేనెటీగలు వస్తే చాలు, వంకాయలు అవే కాస్తాయి.

వాస్తవం: ఒక వంకాయ పువ్వు కోసి దగ్గరగా చూడండి. మధ్యలో పసుపు కేసరాలు గుత్తిగా ఉంటాయి. వాటి కొనల్లో, ఉప్పు డబ్బా మూతకి ఉన్నట్టు, సన్నటి చిల్లులు. పుప్పొడి అంతా లోపలే. గాలికి ఊగితే కొంత రాలుతుంది, కొన్ని కాయలూ పడతాయి. బాగా రాలాలంటే మాత్రం పువ్వుని గట్టిగా వణికించాలి. మామూలు తేనెటీగకి ఆ విద్య రాదు, తుమ్మెదకి వచ్చు. పువ్వుని కాళ్లతో కరుచుకుని, రెక్కలు ఆడించకుండా ఒళ్లంతా వణికిస్తుంది. అంతవరకు బొంగురుగా ఉన్న చప్పుడు ఒక్కసారిగా సన్నబడి "జీ..." మంటుంది, పుప్పొడి దాని పొట్ట మీద రాలుతుంది. నీలం చారల పొట్టతో ఒంటరిగా తిరిగే చిన్న తేనెటీగ ఒకటుంది, అదీ ఇంతే. టమాటాకీ ఈ వణుకే కావాలి, బతుకమ్మలో పేర్చే తంగేడుకీ ఇదే. తంగేడు పువ్వులో తేనె ఉండదు, తుమ్మెద వచ్చేది పుప్పొడి కోసం. మన కవులు మాత్రం దాన్ని ఎప్పుడూ తేనె తాగడానికే పంపుతారు!

తుమ్మెదలు రాని మేడ అయితే పొద్దున పూట పువ్వు కాడకి ఎలక్ట్రిక్ టూత్‌బ్రష్ రెండు సెకన్లు ఆనించండి. కీలాగ్రం (పుప్పొడిని అందుకునే నడిమి కాడ కొన) కేసరాల్ని దాటి బయటికి రాని పొట్టి పువ్వులు ఎలాగూ రాలతాయి, వాటి గురించి టెన్షన్ వద్దు.

అపోహ: తుమ్మెద చెక్క తింటుంది, మనిషిని కుడుతుంది.

వాస్తవం: చెక్కని తొలుస్తుంది కానీ తినదు. ఆ చిల్లులో పుప్పొడి ముద్ద పెట్టి గుడ్డు పెడుతుంది. మగదానికి ముల్లే లేదు. ఆడది చేత్తో పట్టుకుంటే తప్ప కుట్టదు. పందిరి మూలన ఒక ఎండు వెదురు బొంగు వదిలేయండి, మీ తలుపు జోలికి రావడం తగ్గుతుంది.

అపోహ: బీర పిందెలు పసుపు తిరిగి రాలితే ఎరువు చాలలేదన్నమాట.

వాస్తవం: చాలాసార్లు ఆడ పువ్వుకి పుప్పొడి అందక అలా అవుతుంది. బీర పూలు దీపాలు పెట్టే వేళకి విచ్చుకుంటాయి, సొర పూలూ అంతే. వాటి దగ్గరికి వచ్చేవాటిలో రాత్రిపూట దీపం చుట్టూ తిరిగే రెక్కల పురుగులు ముఖ్యం. పొద్దున తొమ్మిదికి బ్రష్ పట్టుకుని వెళ్తే పుణ్యకాలం దాటిపోయినట్టే. సాయంత్రం మగ పువ్వు రేకులు తీసి ఆడ పువ్వుకి అద్దండి. గుమ్మడి దీనికి తలకిందులు, తెల్లారేసరికి విచ్చుకుని ఎండ ముదిరితే ముడుచుకుంటుంది. పిందె మీద సూది గుచ్చినట్టు చిన్న మచ్చ, దాని మీద జిగురు కనిపిస్తే మాత్రం అది పండు ఈగ పని.

అపోహ: వేపనూనె సహజమే కదా, ఎప్పుడు కొట్టినా ఫర్వాలేదు.

వాస్తవం: అందులో సబ్బు కలుపుతాం. ఆ నీళ్లలో తడిసిన తేనెటీగ చావచ్చు. సాయంత్రం కొట్టమంటారు, వంగకి, టమాటాకి అది సరే. బీర, సొర పందిరికి సాయంత్రమే రద్దీ వేళ. అక్కడ నేను పూల జోలికి వెళ్లకుండా ఆకుల అడుగున మాత్రమే కొడతాను.

అపోహ: పువ్వులో పురుగు కనిపిస్తే చీడే.

వాస్తవం: సీతాఫలం పువ్వులో దూరే బుల్లి పెంకు పురుగులు లేకపోతే కాయ పట్టడమే కష్టం. ఆయిల్‌పామ్‌కి అయితే ఆఫ్రికా ముక్కు పురుగుని 1985లో పనిగట్టుకుని మన దేశానికి తెచ్చారు. అంతకుముందు ఆ పుప్పొడి మనుషులే చల్లాల్సి వచ్చేది. కందిరీగలా చారలుండి గాల్లో ఒకేచోట నిలబడి ఎగిరే ఈగని చూసి చీపురు ఎత్తకండి. దానికి రెక్కలు రెండే, ముల్లు లేదు. దాని పిల్లలు మీ చిక్కుడు తీగ మీది పేనుబంకని తింటాయి.