అరువిచ్చిన గొంతు ఎవరి సొత్తు?

2025 సెప్టెంబర్ చివర్లో మూడు రోజుల తేడాతో రెండు కోర్టు ఉత్తర్వులు వెలువడ్డాయి. చిరంజీవి పేరు, రూపం, గొంతు అనుమతి లేకుండా వాడరాదని 26న హైదరాబాద్ సిటీ సివిల్ కోర్టు ఆదేశించింది. ఏ గొంతునైనా ప్రముఖుల గొంతుగా మార్చే కృత్రిమ మేధ సాధనాలను వారి అనుమతి లేకుండా అందుబాటులో ఉంచడమే వ్యక్తిత్వ హక్కుల (తన పేరు, రూపం, గొంతు మీద మనిషికుండే హక్కుల) ఉల్లంఘన అని, ఆశా భోంస్లే వ్యాజ్యంలో 29న బొంబాయి హైకోర్టు చెప్పింది. దాంతో, గొంతు ఎవరి సొత్తు అనే పాత తగాదా మళ్లీ రాజుకుంది. అయితే చర్చంతా తారల చుట్టూనే తిరుగుతోంది. గొంతు అరువిచ్చి బతికే, తెర మీద పేరు కూడా పడని డబ్బింగ్ కళాకారుల మాట ఎవరూ ఎత్తడం లేదు.

యంత్రం మాట్లాడటం నేర్చుకున్న కథ ఇప్పటికే చాలాసార్లు చెప్పుకున్నాం. అసలు మలుపు 2018 జూన్‌లో ఉంది.

అంతకుముందు, 2016లో డీప్‌మైండ్ సంస్థ తెచ్చిన, రాసిన మాటను మనిషి గొంతుతో పలికే వేవ్‌నెట్‌కు ఒక ఆంగ్ల గొంతు నేర్పడానికి దాదాపు 25 గంటల రికార్డింగ్ పట్టింది. అంటే ఒక మనిషిని పిలవాలి, రోజుల తరబడి స్టూడియోలో కూర్చోబెట్టాలి, డబ్బివ్వాలి, కాగితం మీద సంతకం తీసుకోవాలి. కంపెనీలు నీతిమంతులై అనుమతి అడిగాయని కాదు, అడగకుండా పని జరిగేది కాదు. అదే ఏడాది నవంబర్‌లో అడోబ్ సంస్థ, ఒక గొంతును అనుకరించడానికి 20 నిమిషాల మాటలు చాలంటూ వోకో అనే సాధనాన్ని వేదిక మీద ప్రదర్శించింది. చప్పట్లు మోగాయి, వెంటనే భయాలూ మొదలయ్యాయి. అది మార్కెట్లోకి రానే లేదు.

2018లో గూగుల్ పరిశోధకులు ఈ పనిని రెండుగా విడగొట్టారు. వేలమంది మాటలు విని, ఒక గొంతుకూ మరో గొంతుకూ తేడా ఏమిటో పట్టుకుని దాన్ని అంకెల వరుసగా కుదించడం ఒకటి. రాసిన వాక్యాన్ని, ఆ అంకెలు చెప్పిన గొంతులో పలకడం రెండోది. మాట్లాడటం యంత్రం ఎవరి దగ్గరో ముందే నేర్చుకుని ఉంటుంది. కొత్త మనిషి నుంచి కావలసింది కొన్ని సెకన్ల నమూనా మాత్రమే. 2023 జనవరిలో మైక్రోసాఫ్ట్ తన గొంతు అనుకరణ సాధనం వాల్-ఇ గురించి ప్రకటిస్తూ మూడు సెకన్లు చాలంది. మూడు సెకన్లంటే ఫోనెత్తి “హలో, ఎవరండీ మాట్లాడేది?” అన్నంతసేపు. ఆ మాత్రం గొంతు కోసం స్టూడియోకు పిలవాల్సిన అవసరమేముంది? పిలుపుతోపాటు సంతకమూ పోయింది.

ఆ పోయినదాని కోసమే న్యూయార్క్‌లో ఇద్దరు వాచిక కళాకారులు, పాల్ లేర్మన్, లినియా సేజ్, 2024 మేలో కృత్రిమ గొంతులు అమ్మే లోవో అనే సంస్థపై దావా వేశారు. వారి కథనం ఇది: కొన్నేళ్ల ముందు, పనులకు మనుషులను కుదిర్చే ఫైవర్ అనే ఆన్‌లైన్ వేదిక ద్వారా లోవో మనుషులే అజ్ఞాత ఖాతాదారులుగా వచ్చారు. పరిశోధన కోసమేనని లేర్మన్‌కు 1,200 డాలర్లు, రేడియో ప్రకటనల పరీక్షకని సేజ్‌కు 400 డాలర్లు ఇచ్చారు. 2023 జూన్‌లో ఇద్దరూ కారులో వెళుతూ ఒక పాడ్‌కాస్ట్ పెట్టుకున్నారు. అందులో ఒక చాట్‌బాట్ లేర్మన్ గొంతుతో జవాబులిస్తోంది. చర్చాంశం ఏమిటంటే, కృత్రిమ మేధ వల్ల వినోదరంగానికి పొంచి ఉన్న ముప్పు! లోవో మాత్రం ఈ ఫిర్యాదు చట్టం ముందు నిలవదని, కొట్టేయాలని కోరింది.

2025 జులైలో న్యాయమూర్తి పాల్ ఓట్కెన్ కొంత కొట్టేశారు, కొంత నిలిపారు. అమెరికా కాపీరైట్ చట్టం రికార్డింగ్‌ను కాపాడుతుంది గానీ దాన్ని అనుకరించి పుట్టించిన ధ్వనిని కాదు. కళాకారులకు ఊపిరి పోసినవాటిలో ముఖ్యమైనది 1903 నాటి న్యూయార్క్ చట్టం. తన బొమ్మను ఒక పిండి కంపెనీ అడగకుండా 25,000 ప్రకటనల మీద అచ్చేసిందని ఒక అమ్మాయి కోర్టుకెక్కి ఓడిపోయింది. జనం మండిపడితే శాసనసభ ఆ చట్టం చేసింది. 1995లో అందులో ‘గొంతు’ అనే మాట చేరింది. ఆ రక్షణకు పేరుప్రతిష్ఠలతో పనిలేదు.

మనకు అలాంటి చట్టం లేదు. 1957 కాపీరైట్ చట్టంలోని 38వ సెక్షన్ ప్రదర్శకుల హక్కును 50 ఏళ్లు కాపాడుతుంది. అది ఇచ్చిన ప్రదర్శనకు. ఎన్నడూ పలకని వాక్యాన్ని ఎవరి గొంతుతోనో యంత్రం పలికితే ఏం చేయాలో అందులో లేదు. అనుమతి లేకుండా తమ గొంతు వాడొద్దంటూ కోర్టుకెళ్లిన అనిల్ కపూర్, అరిజిత్ సింగ్ గెలిచింది ప్రధానంగా వారి ఖ్యాతి బలం మీద. ఆ ఖ్యాతి హక్కు కూడా మనిషితోనే పోతుందని సుశాంత్ సింగ్ రాజ్‌పుత్ వ్యవహారంలో ఢిల్లీ హైకోర్టు 2023 జులైలో అంది. తన తండ్రి ఎస్పీ బాలసుబ్రహ్మణ్యం గొంతును ‘కీడా కోలా’ సినిమాలో అనుమతి లేకుండా పునఃసృష్టించారని 2024 జనవరిలో ఎస్పీ చరణ్ నోటీసు పంపినప్పుడు ఎదురుగా ఉన్నది ఈ తీర్పే. ఎన్నో తమిళ చిత్రాల తెలుగు రూపాల్లో కమల్ హాసన్‌కు గొంతు అరువిచ్చిన మనిషి బాలు.

బాలు పరిస్థితే అదైతే, సీరియళ్లకు, ప్రకటనలకు పూట లెక్కన గొంతిచ్చేవారి చేతిలో ఉన్నది ఒక్క ఒప్పంద పత్రమే. అదీ ఉంటే. “అన్ని మాధ్యమాలలో, శాశ్వతంగా” అనే ఒక పాత వాక్యం అలాంటి పత్రాల్లో చాలాకాలంగా ఉంటోంది. అది రాసిన రోజుల్లో మాధ్యమాలంటే టీవీ, క్యాసెట్లు.