సంతకాల ఫొటో తర్వాత ఏం జరుగుతుంది? దూరదేశాల రక్షణ సహకారంపై అపోహలు - వాస్తవాలు

ఈమధ్య ఏ ఇద్దరు దేశాధినేతలు కరచాలనం చేసుకున్నా సాయంత్రానికల్లా రెండు రకాల మెసేజ్‌లు తిరుగుతున్నాయి. ఒకటి 'కొత్త సైనిక కూటమి వచ్చేసింది' అని, ఇంకొకటి 'దేశాన్ని తాకట్టు పెట్టేశారు' అని. అమెరికా తన మిత్రదేశాలతో మాట్లాడే తీరు మారింది. ఉక్రెయిన్ యుద్ధంలోకి కొరియా ద్వీపకల్పం కూడా వచ్చి చేరింది. ఎర్ర సముద్రంలో సరుకు ఓడల మీద క్షిపణులు పడ్డాయి. ఇదివరకు ఒకదానితో ఒకటి పెద్దగా పనిలేని ప్రాంతాలు ఇప్పుడు రక్షణ ఒప్పందాలు చేసుకుంటున్నాయి. అందరికీ టెన్షన్‌గా ఉండటం సహజమే.

నా పని ఆ ఫొటో తీసిన తర్వాత మొదలవుతుంది. ఉమ్మడి విన్యాసాల ఏర్పాట్లు, సరఫరా ఒప్పందాలు, వాటి వెనకుండే అనుబంధ పత్రాలు చూస్తాను. వేల కిలోమీటర్ల దూరంలో ఉన్న రెండు సైన్యాలు నిజంగా కలిసి పనిచేయగలవా లేదా అనేది బయట ఎవరూ చదవని ఆ పత్రాల్లోనే తేలిపోతుంది. అందుకే తరచూ వినిపించే కొన్ని అపోహల గురించి రాయాలనిపించింది.

అపోహ: రక్షణ ఒప్పందం ఉందంటే, ఒకరి మీద దాడి జరిగినప్పుడు రెండోవారు సైన్యాన్ని పంపి తీరాలి.

వాస్తవం: ప్రపంచంలో అందరికీ తెలిసిన హామీ నాటో సైనిక కూటమి ఒప్పందంలోని ఆర్టికల్ 5. అందులో కూడా ఆ మాట లేదు. దాడికి గురైన సభ్యదేశానికి సాయంగా ప్రతి దేశం 'తనకు అవసరమని తోచిన చర్య' తీసుకుంటుంది, సాయుధ బలం వాడటం ఆ చర్యల్లో ఒకటి కావచ్చు, అంతే. ఆ ఆర్టికల్‌ను ఇప్పటిదాకా ఒక్కసారే అమల్లోకి తెచ్చారు, 2001 సెప్టెంబర్ 11 దాడుల తర్వాత.

ఆ పక్కనే ఉన్న ఆర్టికల్ 6ను పెద్దగా ఎవరూ పట్టించుకోరు. హామీ ఏ భూభాగానికి వర్తిస్తుందో చెప్పేది అదే: యూరప్, ఉత్తర అమెరికా, తుర్కియే, కర్కట రేఖకు ఉత్తరాన అట్లాంటిక్‌లో ఉన్న ద్వీపాలు. 1982లో అర్జెంటీనా దక్షిణ అట్లాంటిక్‌లో బ్రిటన్ పాలనలో ఉన్న ఫాక్‌లాండ్ దీవుల్లోకి దిగినప్పుడు బ్రిటన్ నాటో సభ్యదేశమే అయినా ఆర్టికల్ 5 వర్తించలేదు. పసిఫిక్‌లో ఉన్న హవాయి కూడా ఆ పరిధిలోకి రాదు. ఇక కొత్తగా ఆహ్వానించగలిగేది యూరప్ దేశాలనే అని ఆర్టికల్ 10 చెబుతుంది. 2022 మాడ్రిడ్ శిఖరాగ్ర సమావేశం నుంచి జపాన్, దక్షిణ కొరియా, ఆస్ట్రేలియా, న్యూజిలాండ్ నేతలు నాటో సమావేశాలకు వెళ్తున్నారు కదా, 'ఆసియా నాటో' వచ్చేస్తోందని గగ్గోలు పెట్టేవాళ్లు ముందు ఈ మూడు ఆర్టికల్స్ చదవాలి.

గట్టిగా రాసుకున్న ఒప్పందాలే ఎక్కువ కాలం బతుకుతాయన్న నమ్మకం కూడా సరికాదు. 1954లో మనీలాలో పుట్టిన సీటో అనే రక్షణ కూటమి పేరులో ఆగ్నేయాసియా ఉంది గానీ, ఆ ప్రాంతం నుంచి సభ్యులైనవి థాయ్‌లాండ్, ఫిలిప్పీన్స్ రెండే. బ్యాంకాక్‌లో కేంద్ర కార్యాలయం పెట్టి ఎంతో హడావుడి చేసినా 1977లో మూతపడింది. దానికి భిన్నంగా, 1971లో బ్రిటన్, ఆస్ట్రేలియా, న్యూజిలాండ్, మలేసియా, సింగపూర్ కలిసి ఐదు దేశాల రక్షణ ఏర్పాటు చేసుకున్నాయి. మలేసియా మీదో సింగపూర్ మీదో దాడి జరిగితే 'వెంటనే సంప్రదించుకుంటాం' అన్నదే అందులోని హామీ. చూడ్డానికి చాలా చిన్న మాట. అది ఇప్పటికీ నడుస్తోంది, విన్యాసాలు జరుగుతున్నాయి. మలేసియాలోని బటర్‌వర్త్‌లో ఐదు దేశాల అధికారులు కలిసి కూర్చునే ఉమ్మడి ప్రాంత రక్షణ కార్యాలయం ఉంది. దశాబ్దాలుగా ఒకే గదిలో పనిచేసే అలవాటు ఉన్నవాళ్లకు, సంప్రదించుకోవాల్సిన రోజు వస్తే ఎవరికి ఫోన్ చేయాలో వెతుక్కునే పని ఉండదు.

అపోహ: లాజిస్టిక్స్ (సరఫరాల) ఒప్పందం అంటే విదేశీ సైన్యానికి స్థావరం ఇచ్చేసినట్టే.

వాస్తవం: నేను అన్నిటికంటే ఎక్కువగా వినే మాట ఇదే. 2016లో భారత్, అమెరికా లెమోవా అనే లాజిస్టిక్స్ ఒప్పందం మీద సంతకం చేసినప్పుడు ఇదే గొడవ జరిగింది. ఆ ఒప్పందం ఎవరికీ స్థావరాలు ఇవ్వదు. ఇంధనం, ఆహారం, నీళ్లు, విడిభాగాలు, మరమ్మతుల వంటివి ఒకరికొకరు ఇచ్చుకుంటే లెక్క ఎలా చూసుకోవాలో చెబుతుంది.

ఆచరణలో ఎలా ఉంటుందో చూడండి. 2020 సెప్టెంబర్‌లో ఉత్తర అరేబియా సముద్రంలో గస్తీలో ఉన్న ఐఎన్ఎస్ తల్వార్, ఈ ఒప్పందం కింద యూఎస్ఎన్ఎస్ యూకాన్ అనే అమెరికన్ ట్యాంకర్ నుంచి ఇంధనం నింపుకుంది. యుద్ధనౌక రేవుకు వెళ్లి ఆయిల్ పోయించుకుని రావాలంటే రోజులు పోతాయి, ఆ రోజుల్లో ఆ సముద్రం మీద నిఘా ఉండదు. ట్యాంకర్ పక్కకు వస్తే కొన్ని గంటల పని. రెండు నౌకలు ఒకే వేగంతో సమాంతరంగా నడుస్తుండగా మధ్యలో తాడు, దాని వెంట గొట్టం వెళ్తుంది. అంతకు ముందే కొన్ని ప్రశ్నలకు జవాబులు ఉండాలి. ఇంధనం ఏ గ్రేడు? ఇచ్చే గొట్టం మూతి, తీసుకునే నౌక మీద అమరిక సరిపోతాయా? శాంపిల్‌లో నీరు, మడ్డి ఉన్నాయా? ఎన్ని టన్నులు ఇచ్చారని ఎవరు సంతకం పెడతారు? డబ్బు కడతారా, అంతే ఇంధనం తర్వాత తిరిగి ఇస్తారా, లేక అదే విలువకు ఇంకేదైనా ఇస్తారా? ఒప్పందం లేకపోతే వీటిలో ప్రతి దానికీ రాయబార కార్యాలయం మీదుగా ఒక ఫైలు నడవాలి. ఒప్పందం ఉంటే ఒక ఫారం సరిపోతుంది.

అయితే ఫారం నింపినంత మాత్రాన ఇచ్చి తీరాలని కూడా లేదు. ఏ సందర్భానికి ఆ సందర్భంలో ఆతిథ్య దేశం ఒప్పుకోవాలి. కాదనే హక్కు ఎప్పుడూ చేతిలోనే ఉంటుంది.

అపోహ: విదేశీ సైనికులు వస్తే వాళ్లకు మన చట్టాలు వర్తించవు.

వాస్తవం: సైనికుడు డ్యూటీలో ఉండగా చేసినదానికి ఎవరి కోర్టు, సెలవు మీద ఊళ్లోకి వెళ్లి నేరం చేస్తే ఎవరి కోర్టు అన్నది ముందుగానే రాసుకుంటారు. అది రాసుకోవడం ఎంత కష్టమో జపాన్, ఆస్ట్రేలియా అనుభవం చెబుతుంది. ఒకరి సైన్యం మరొకరి దేశంలోకి సులువుగా వచ్చి శిక్షణ పొందేందుకు ఆ రెండు దేశాలు 2014లో చర్చలు మొదలుపెట్టాయి. సంతకాలు అయ్యేసరికి 2022 జనవరి వచ్చింది, అమల్లోకి రావడం 2023 ఆగస్టులో. ఇంత ఆలస్యానికి ముఖ్య కారణం మరణశిక్ష. జపాన్‌లో అది ఉంది, ఆస్ట్రేలియా ఎప్పుడో రద్దు చేసింది. తమ సైనికుడు జపాన్‌లో హత్య కేసులో ఇరుక్కుంటే ఏమవుతుందన్న ఒక్క ప్రశ్న దగ్గర ఏళ్ల తరబడి ఆగారు. బయటివాళ్లకు ఇది సాగదీతలా కనిపించవచ్చు. నాకు మాత్రం అది రెండు ప్రజాస్వామ్యాలు తమ పౌరుడి ప్రాణాన్ని సీరియస్‌గా తీసుకున్నందుకు గుర్తు.

అపోహ: దూరదేశం చేయగలిగేది ఏముంది? జెండా చూపించి ఫొటో దిగి వెళ్లిపోతుంది.

వాస్తవం: 2023 డిసెంబర్‌లో సోమాలీ సముద్రపు దొంగలు ఎంవీ రుయెన్ అనే ఓడను హైజాక్ చేశారు. ఓడ యజమాని బల్గేరియా కంపెనీ, ఓడ మీద జెండా మాల్టాది. యూరోపియన్ యూనియన్ నౌకాదళం కూడా దాన్ని గమనిస్తూ వచ్చింది. 2024 మార్చిలో ఐఎన్ఎస్ కోల్‌కతా దాన్ని అడ్డగించింది, సీ-17 రవాణా విమానం నుంచి నౌకాదళపు మార్కోస్ కమాండోలు సముద్రంలోకి దూకారు. భారత తీరానికి దాదాపు 2,600 కిలోమీటర్ల దూరంలో, సుమారు 40 గంటల పాటు సాగిన ఆపరేషన్‌లో 35 మంది దొంగలు లొంగిపోయారు, 17 మంది సిబ్బంది క్షేమంగా బయటపడ్డారు. దొంగలను ముంబైకి తెచ్చి పోలీసులకు అప్పగించారు. పట్టుకున్నవాళ్లను విచారించడానికి 2022లో చేసిన సముద్రపు దొంగతనాల నిరోధక చట్టం అప్పటికే సిద్ధంగా ఉంది కాబట్టి అది కుదిరింది. అంతకు ముందు, సోమాలియా తీరంలో దొంగలను పట్టుకుని, ఏ కోర్టులో నిలబెట్టాలో తేలక వదిలేసిన దేశాలు చాలా ఉన్నాయి.

పోలండ్, దక్షిణ కొరియాలది ఇంకో రకం ఉదాహరణ. తన ట్యాంకులు, హోవిట్జర్ ఫిరంగులు ఉక్రెయిన్‌కు ఇచ్చేసిన పోలండ్‌కు కొత్తవి త్వరగా కావాలి. 2022 ఆగస్టులో ఒప్పందాలు అయ్యాయి, డిసెంబర్‌లో మొదటి కే2 ట్యాంకులు, కే9 హోవిట్జర్లు గ్డీనియా రేవులో దిగాయి. అంత వేగం చూసి అందరూ ఆశ్చర్యపోయారు. కానీ పోలండ్ సొంతంగా తయారుచేసుకునే క్రాబ్ హోవిట్జర్ చాసిస్ (చక్రాలు, ఇంజిన్ ఉండే కింది భాగం) కొరియా కే9దే. ఆ రెండు దేశాల ఇంజినీర్లకు అంతకు ఎన్నో ఏళ్ల ముందు నుంచే పరిచయం ఉంది.

అవతలి పక్షం కథ కూడా ఇలాంటిదే. రష్యా, ఉత్తర కొరియా 2024 జూన్‌లో సమగ్ర భాగస్వామ్య ఒప్పందం చేసుకున్నాయి. రష్యా ఫిరంగులు వాడే 152, 122 మిల్లీమీటర్ల గుండ్లు సోవియట్ కాలం నుంచీ ఉత్తర కొరియా దగ్గరా ఉన్నాయి. ఆ కొలత కలిసింది కాబట్టే సహకారం అంత త్వరగా యుద్ధభూమికి చేరింది.

అపోహ: ఒకే రకం ఆయుధాలు ఉంటే చాలు, కలిసి పోరాడొచ్చు.

వాస్తవం: 155 మిల్లీమీటర్ల గుండు అంటే అన్ని 155 ఫిరంగుల్లోనూ పడుతుందని అనుకుంటారు. గొట్టంలో పట్టవచ్చు. కానీ ఏ గుండు, ఏ మందుతో, ఏ కోణంలో పేలిస్తే ఎంత దూరం వెళ్తుందో చెప్పే ఫైరింగ్ టేబుల్స్ ఆ ఫిరంగి కంప్యూటర్‌లో లేకపోతే అది ఎక్కడ పడుతుందో నమ్మకంగా చెప్పలేం. సొంత సైనికుల తలల మీదుగా దాన్ని పేల్చడానికి ఏ కమాండరూ ఒప్పుకోడు.

గాల్లో ఇంధనం నింపడమూ అంతే. ఎఫ్-16కు ట్యాంకర్ నుంచి వచ్చే గట్టి గొట్టం (బూమ్) కావాలి. రఫేల్ తన ముక్కు దగ్గరున్న గొట్టాన్ని ట్యాంకర్ వదిలే బుట్టలోకి దూర్చుతుంది. ఒకదానికి పనికొచ్చే ఏర్పాటు రెండోదానికి పనికిరాదు. రకం కలిసినా సరే, ఏ ట్యాంకర్‌తో ఏ ఫైటర్ అన్నది జత జతకూ పరీక్షించి అనుమతి ఇవ్వాలి. విన్యాసాలకు అంత డబ్బు ఎందుకు తగలేస్తారని అడిగేవాళ్లకు నేను ముందు చెప్పేది ఇదే.

అపోహ: కొన్న ఆయుధం మనదే, ఎవరికైనా ఇచ్చుకోవచ్చు.

వాస్తవం: అమ్మిన దేశం అనుమతి కావాలి. జర్మనీ తన గెపార్డ్ విమాన విధ్వంసక వాహనాలను ఉక్రెయిన్‌కు ఇచ్చింది. వాటికి కావాల్సిన స్విట్జర్లాండ్ తయారీ 35 మిల్లీమీటర్ల మందుగుండును పంపబోతే తటస్థత కారణంగా స్విస్ ప్రభుత్వం ఒప్పుకోలేదు. చివరికి జర్మనీలోనే కొత్త ఉత్పత్తి లైన్ పెట్టుకోవాల్సి వచ్చింది. ఎస్తోనియా ఇవ్వాలనుకున్న డీ-30 ఫిరంగులదీ ఇదే గొడవ. అవి ఒకప్పుడు తూర్పు జర్మనీవి, ఫిన్లాండ్ మీదుగా ఎస్తోనియాకు వచ్చాయి. తూర్పు జర్మనీ అనే దేశమే లేకుండా పోయింది, అయినా బెర్లిన్ సంతకం కోసం ఆగాల్సి వచ్చింది. 2022 ఫిబ్రవరిలో యుద్ధం మొదలయ్యాక గానీ ఆ అనుమతి రాలేదు.

అపోహ: సమాచారం పంచుకుంటున్నారంటే అన్ని రహస్యాలూ ఇచ్చేస్తున్నట్టే.

వాస్తవం: గురుగ్రామ్‌లో 2018 డిసెంబర్ నుంచి ఉన్న భారత నౌకాదళ సమాచార సమన్వయ కేంద్రంలో విదేశీ లైజన్ ఆఫీసర్లు (తమ దేశం తరఫున సంప్రదింపులు చూసే అధికారులు) కూర్చుంటారు. అక్కడ ప్రధానంగా చూసేది వాణిజ్య ఓడల కదలికలు, చేపల అక్రమ వేట, స్మగ్లింగ్, దొంగల దాడులు. యుద్ధనౌకల రహస్యాలు ఆ టేబుల్ మీదికి రావు. రహస్య సమాచారానికి దారి వేరు, దాని షరతులు వేరు. ఇచ్చిన దేశం ఒప్పుకోకుండా మూడో దేశానికి చెప్పకూడదన్నది అందులో మొదటి నియమం.

అపోహ: కలిసి పనిచేస్తున్నారంటే మిత్రులైపోయినట్టే.

వాస్తవం: గల్ఫ్ ఆఫ్ ఏడెన్‌లో సరుకు ఓడలకు కాపలాగా వెళ్లే విషయంలో 2012 నుంచి భారత్, చైనా, జపాన్ తమ కాన్వాయ్‌ల టైమ్‌టేబుళ్లు సర్దుబాటు చేసుకున్నాయి. ఒకే రోజు మూడు దేశాల నౌకలు బయల్దేరి మర్నాడు ఎవరూ లేకుండా పోకూడదు కదా. ఆ మూడు దేశాల మధ్య సరిహద్దు తగాదాలు, చరిత్ర గాయాలు అలాగే ఉన్నాయి.

అపోహ: ప్రభుత్వం మారితే, గొడవ వస్తే అన్నీ కొట్టుకుపోతాయి.

వాస్తవం: కొన్ని పోతాయి. 2025 మార్చిలో అమెరికా ఉక్రెయిన్‌తో నిఘా సమాచారం పంచుకోవడాన్ని ఉన్నట్టుండి ఆపేసింది, వారం రోజుల లోపే మళ్లీ మొదలుపెట్టింది. యుద్ధంలో ఉన్న దేశానికి వారం చిన్న సమయం కాదు. ఒకే దేశం, ఒకే నాయకుడి నిర్ణయం మీద ఆధారపడిన సహకారానికి ఈ ప్రమాదం ఎప్పుడూ ఉంటుంది. యూరప్, ఆసియా దేశాలు నేరుగా ఒకదానితో ఒకటి ఒప్పందాలు చేసుకోవడానికి ఒక ముఖ్య కారణం ఇదే. బ్రిటన్, జపాన్, ఇటలీ కలిసి 2035 నాటికి యుద్ధవిమానం తయారుచేద్దామని పూనుకోవడం అందులో పెద్దది.

కానీ కొన్ని నిలబడతాయి. 2021 సెప్టెంబర్‌లో ఆస్ట్రేలియా ఫ్రాన్స్ జలాంతర్గాముల ఒప్పందాన్ని రద్దు చేసుకుని అమెరికా, బ్రిటన్‌లతో కలిసి ఆకస్ అనే రక్షణ భాగస్వామ్యంలోకి వెళ్లింది. ఫ్రాన్స్ కాన్‌బెరా నుంచి, వాషింగ్టన్ నుంచి తన రాయబారులను వెనక్కి పిలిపించుకుంది. నాలుగు నెలలకు, 2022 జనవరిలో పసిఫిక్ ద్వీపదేశం టోంగాలో అగ్నిపర్వతం బద్దలైంది. విపత్తు సాయం కోసం ఫ్రాన్స్, ఆస్ట్రేలియా, న్యూజిలాండ్ 1992లో రాసుకున్న ఏర్పాటు ఒకటుంది. దాని కిందే మూడు దేశాలూ నౌకలు, విమానాలు, సామగ్రి సమన్వయం చేసుకున్నాయి. పారిస్‌లో కోపం అప్పటికీ చల్లారలేదు. టోంగా ప్రజలకు మాత్రం తాగునీళ్లు చేరాయి. ఈ రంగంలో నాకు అన్నిటికంటే ఇష్టమైన ఉదాహరణ ఇది.

అపోహ: ఇదంతా పెద్ద దేశాల వ్యవహారం.

వాస్తవం: హైతీలో ముఠాలను అదుపుచేసే పనికి ముందుకొచ్చింది కెన్యా, అట్లాంటిక్‌కు అవతలి నుంచి. 2023 అక్టోబర్‌లో ఐరాస భద్రతా మండలి అనుమతి ఇచ్చింది. 2024 జనవరిలో కెన్యా హైకోర్టు ఆపేసింది: అవతలి దేశంతో పరస్పర ఒప్పందం లేకుండా పోలీసులను పంపడం చెల్లదని. మార్చి 1న నైరోబీలో ఆ ఒప్పందం మీద సంతకాలు అయ్యాయి. అందుకోసం వెళ్లిన హైతీ ప్రధాని ఆరియెల్ హెన్రీ తిరిగి సొంత దేశంలో దిగలేకపోయారు. ముఠాలు విజృంభించాయి, ఆయన పదవి వదులుకున్నారు. మొదటి కెన్యా పోలీసులు పోర్ట్-ఓ-ప్రిన్స్‌లో దిగింది జూన్ 25న. 2,500 మంది కావాలనుకున్న దళం వెయ్యి చుట్టుపక్కలే ఆగిపోయింది, ఎందుకంటే ఖర్చంతా దేశాలు ఇష్టపూర్వకంగా ఇచ్చే విరాళాల మీద నడిచింది. 2025 సెప్టెంబర్‌లో భద్రతా మండలి దీన్ని ఇంకా పెద్ద దళంగా మారుస్తూ తీర్మానం చేసినప్పుడు, సిబ్బంది సంఖ్యతో ఆగలేదు. వాళ్లకు కావాల్సిన సరఫరాలు, రవాణా చూసుకోవడానికి ఐరాస తరఫున ఒక ప్రత్యేక కార్యాలయాన్ని కూడా అదే తీర్మానంలో చేర్చింది.