ఇల్లు లేదనడానికి ఒకే మాట

గ్రీన్‌లాండ్‌లో ఇంటిని 'ఇల్లు' అనే అంటారు. మన మాటతో చుట్టరికమేమీ లేదు, ఉత్త కాకతాళీయం. ఆ 'ల్ల'ను వాళ్లు నాలుక పక్కల నుంచి గాలి ఊదుతూ పలుకుతారు. 2009 నుంచి అక్కడి ఏకైక అధికార భాష అయిన కలాల్లిసుత్‌లో 'ఇల్లొకర్పొక్' అంటే అతనికి ఇల్లుంది, 'ఇల్లొకఙ్ఙిలక్' అంటే లేదు. 'లేదు' మనకు విడి మాట. అక్కడ అది మాట కడుపులోనే ఉంటుంది.

విడదీస్తే: ఇల్లు + కర్ + ఙ్ఙిత్ + లక్. 'కర్' నామాన్ని 'కలిగి ఉండు' అనే క్రియ చేస్తుంది. 'ఙ్ఙిత్' దాన్ని కాదంటుంది. 'లక్' కర్తను చెబుతుంది, అతడైనా ఆమె అయినా ఒకటే. (మన అక్షరమాలలో ఊరికే కూర్చున్న ఙకు ఇక్కడ చేతినిండా పని.) అతుకుల దగ్గర ధ్వనులు మారతాయి: 'క'కు ముందు ఉకారం ఒకారమైంది, 'ఙ్ఙిత్' తన ముందున్న రేఫను మింగేసింది, 'లక్' ముందు తన తకారాన్నీ పోగొట్టుకుంది.

కొత్తగా నేర్చుకునేవాళ్లు జారేది ముగింపు దగ్గర. 'నెరివొక్' అంటే తింటున్నాడు. మధ్యలో 'ఙ్ఙి' ఇరికించి 'వొక్' అలాగే ఉంచితే తప్పు. వ్యతిరేకంలో 'వొక్' పోయి 'లక్' రావాలి: నెరిఙ్ఙిలక్. అలాగే 'నెరివుంగ' (తింటున్నాను) 'నెరిఙ్ఙిలంగ' అవుతుంది. 'తినకుండా' అనాలంటే 'ఙ్ఙిత్' అసలు కనిపించదు. 'నెరినని' అంటారు, దానికి ముగింపే వేరు.

వరుస మారితే అర్థం మారుతుంది. ప్రతి ప్రత్యయమూ తన ఎడమవైపున్నదంతా ఒక ముద్దగా తీసుకుంటుంది. 'సిన్నా' అంటే చేయగలగడం. 'నెరిసిన్నాఙ్ఙిలక్' అంటే తినలేడు. అదే 'ఙ్ఙిత్'ను 'సిన్నా'కు ముందు పెడితే, తినకుండా ఉండగలడు. తెలుగులోనూ ఈ రెండూ వేర్వేరే, కాకపోతే మనకు రెండోదానికి రెండు మాటలు కావాలి.

ఇవన్నీ ఒక ఎత్తు, 'ఇత్' అనే పొట్టి ప్రత్యయం ఒక ఎత్తు. నామాన్ని క్రియగా మార్చడం, లేదనడం రెండూ అదొక్కటే చేస్తుంది. 'నిపి' అంటే గొంతు, చప్పుడు. దానికి 'ఇత్' తగిలిస్తే 'నిపాప్పొక్': చప్పుడు లేకుండా ఉన్నాడు. అయితే ఇది అన్ని నామాలకూ అతకదు. ఎక్కడ అతుకుతుందో తెలియనప్పుడు 'కర్', 'ఙ్ఙిత్' జంటను వాడుకోవడమే క్షేమం.