ఉష్ణోగ్రత మారలేదు, మరి ఉష్ణం ఎంత?

విజయవాడలో ఇంటర్ చదివే విద్యార్థులను సమోష్ణోగ్రతా ప్రక్రియ అంటే ఏమిటని అడగండి. ఉష్ణోగ్రత మారని ప్రక్రియ అని తడుముకోకుండా చెబుతారు. ఆ ప్రక్రియలో వాయువు గ్రహించిన ఉష్ణం ఎంత అంటే మాత్రం చాలామంది సున్నా అని రాసేస్తారు. వాళ్లను తప్పుపట్టలేం. ద్రవ్యరాశిని విశిష్టోష్ణంతో, ఉష్ణోగ్రతలో తేడాతో గుణిస్తే ఉష్ణం వస్తుందని చిన్న తరగతుల్లో నేర్పింది మనమే. తేడా సున్నా అయితే ఉష్ణమూ సున్నాయే అనుకోవడం సహజం. ఆ సూత్రం పనికొచ్చేది వేడి అంతా ఉష్ణోగ్రతను పెంచడానికే ఖర్చయ్యే చోట అన్న సంగతి మాత్రం మనం గట్టిగా చెప్పలేదు.

వానాకాలంలో ప్రకాశం బ్యారేజీ దగ్గర నీటిమట్టాన్ని 12 అడుగుల వద్ద నిలిపి, ఎగువ నుంచి వచ్చిన నీటిని వచ్చినట్టే గేట్లెత్తి కిందికి వదులుతారు. మట్టం కదలలేదు కాబట్టి కృష్ణలో నీరు పారలేదని ఎవరూ అనరు. ఆదర్శ వాయువులో, అంటే అణువుల మధ్య ఆకర్షణ లేదనుకునే వాయువులో, ఆ మట్టం లాంటిది అంతరిక శక్తి, అంటే అణువుల్లో నిలవున్న మొత్తం శక్తి. అది ఉష్ణోగ్రత ఒక్కదానిమీదే ఆధారపడుతుంది. ఎగువ నుంచి వచ్చేది ఉష్ణం. దిగువకు పోయేది, వాయువు పిస్టన్‌ను నెట్టి చేసే పని. ఉష్ణోగ్రత నిలకడగా ఉందంటే, వచ్చిన ఉష్ణమంతా పనిగా మారి బయటికి పోతోందని అర్థం. ఉష్ణగతిక శాస్త్రం మొదటి నియమం ఇక్కడ చెప్పేది ఇదే.

ఇప్పుడు ఒక లెక్క తీసుకుందాం. ఒక మోల్ ఆదర్శ వాయువు 300 కెల్విన్ల దగ్గర ఉంది. దాని ఘనపరిమాణం రెట్టింపు కావాలి, చివరికి ఉష్ణోగ్రత మళ్లీ 300 కెల్విన్లే ఉండాలి. పీడనం, ఘనపరిమాణాల గ్రాఫులో ఈ రెండు బిందువులూ ఒకే సమోష్ణోగ్రతా రేఖ మీద ఉంటాయి. ఉష్ణోగ్రత మారకపోతే పీడనం, ఘనపరిమాణాల లబ్ధం మారదని 1662లో బాయిల్ ప్రకటించిన నియమానికి రూపం ఆ వంపు రేఖే.

ఆ రేఖ వెంబడే నడిస్తే వాయువు గ్రహించే ఉష్ణం సుమారు 1729 జౌళ్లు (రామానుజన్ అభిమానులకు ఇష్టమైన సంఖ్య!). అలా కాకుండా పీడనాన్ని మార్చకుండా 600 కెల్విన్ల దాకా వేడి చేసి రెట్టింపు చేసి, తర్వాత ఘనపరిమాణాన్ని కదపకుండా చల్లబరిస్తే నికరంగా అందిన ఉష్ణం 2494 జౌళ్లు. ముందు 150 కెల్విన్లకు చల్లబరిచి, ఆ తగ్గిన పీడనం దగ్గర వ్యాకోచింపజేస్తే 1247 జౌళ్లు మాత్రమే. మొదలూ చివరా ఒకటే, అంతరిక శక్తిలో మార్పు మూడింటిలోనూ సున్నాయే. మారింది దారి, గ్రాఫులో దాని కింద ఉన్న వైశాల్యం, అంటే వాయువు చేసిన పని. అందుకే ఇలాంటి లెక్క ఇచ్చినప్పుడు నేను ముందు సూత్రం వెతకను, గ్రాఫు గీస్తాను.

సున్నా నిజంగా జవాబయ్యే దారి కూడా ఒకటుంది. 1845లో జౌల్ రెండు రాగి పాత్రలను కలిపి నీటిలో ముంచాడు. ఒకదానిలో సంపీడన గాలి, రెండోదానిలో శూన్యం. కుళాయి తిప్పగానే గాలి రెండింటిలోకీ పరుచుకుంది, నీటి ఉష్ణోగ్రతలో మాత్రం మార్పు కనిపించలేదు. నెట్టడానికి పిస్టన్ లేదు కాబట్టి పని లేదు, ఉష్ణమూ రాలేదు.

సమోష్ణోగ్రతా రేఖ మీద నడవాలంటే నిదానం కావాలి. పిస్టన్‌ను నెడుతున్న వాయువు చల్లబడబోతుంది, ఆ లోటును పూడ్చే వేడి గోడల గుండా లోపలికి రావడానికి సమయం పడుతుంది. ఆ వేడి వచ్చే దారి పూర్తిగా మూసేస్తే, 300 కెల్విన్ల దగ్గర ఉన్న గాలి ఘనపరిమాణం రెట్టింపయ్యేసరికి దాదాపు 227 కెల్విన్లకు, అంటే మైనస్ 46 డిగ్రీల సెల్సియస్‌కు పడిపోతుంది. అది స్థిరోష్ణక ప్రక్రియ. ఉష్ణం సున్నా అయిన ఈ ప్రక్రియలో ఉష్ణోగ్రత ఇంతగా మారుతుంది.

ఇక ఆదర్శ వాయువును దాటి వస్తే కథ మారుతుంది. ఇబ్రహీంపట్నంలోని థర్మల్ విద్యుత్ కేంద్రంలో టర్బైన్ దాటిన ఆవిరి కండెన్సర్లో ఉష్ణోగ్రత మారకుండానే నీరవుతూ అపారమైన వేడిని వదులుతుంది. అదే మార్పును వెనక్కి తిప్పి, సాధారణ వాతావరణ పీడనం దగ్గర చూద్దాం. 100 డిగ్రీల నీరు ఒక కిలో, 100 డిగ్రీల ఆవిరి కావడానికి 2257 కిలోజౌళ్లు కావాలి. అందులో చుట్టూ ఉన్న గాలిని పక్కకు నెట్టే పనికి పోయేది 170 కిలోజౌళ్ల లోపే. మిగతాదంతా అణువుల మధ్య ఆకర్షణను తెంచడానికి ఖర్చై అంతరిక శక్తిగా నిలుస్తుంది. ఉష్ణోగ్రత మారలేదు, అయినా అంతరిక శక్తి ఎంతో పెరిగింది. కాబట్టి దానిలో మార్పు సున్నా అని రాసే ముందు, ప్రశ్నలో ‘ఆదర్శ వాయువు’ అన్న మాట ఉందో లేదో చూసుకోవాలి.